జన్యువుగారికి స్థానచలనం

సూపరింటెండెంటు ద్విభాష్యం సోమయాజులుగారు తన సర్వీసులో సాధించిన ఘనకార్యం ఏమిటని అడిగితే, ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పగల సమాధానం ఒక్కటే: కదలలేదు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఏ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారో, జుట్టంతా రాలిపోయాక కూడా అదే కుర్చీలో ఉన్నారు. ప్రభుత్వాలు మారాయి. ఆఫీసు పేరు మారింది. ఆయన చేరినప్పుడు అది పశువుల టీకామందుల గిడ్డంగి. తర్వాత ఏదో పరిశోధన విభాగం అన్నారు. ఇప్పుడు గేటు మీద ‘ప్రాంతీయ జన్యు స్థాన నిర్ధారణ కేంద్రం’ అని బోర్డు. బోర్డు మారినప్పుడల్లా ఆయన ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకునేవారు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి, ఒక కునుకు తీసి రావడానికి వీలైన దూరంలో ఆఫీసు ఉన్నంతకాలం, లోపల పశువులున్నా జన్యువులున్నా ఆయనకు అభ్యంతరం లేదు.

కేంద్రానికి డైరెక్టరు డాక్టర్ పొట్నూరి వసుంధర. నవ్వితే మూడు గదుల అవతలికి వినబడుతుంది, కోపమొస్తే గేటు దాకా వినబడుతుంది. ఆవిడ చేసిన పని మాత్రం నవ్వులాట కాదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కొందరు పిల్లలు పుట్టినప్పుడు బంగారుబొమ్మల్లా ఉండి, ఏడాది తిరిగేసరికి పిలిస్తే పలక్కుండా, కన్నతల్లిని కూడా గుర్తుపట్టకుండా అయిపోతున్నారు. మామూలు పాలల్లో ఉండే ఒక పదార్థాన్ని వాళ్ళ ఒళ్ళు అరాయించుకోలేదు. అది పేరుకుపోయి బుర్రను తినేస్తుంది. దీనంతటికీ మూలం ఒక జన్యువు చెడిపోవడం. ఆ జన్యువు మనిషి కణంలోని పన్నెండో క్రోమోజోము మీద, పొడుగు చేతిలో, ఫలానా చోట ఉందనీ, ఈ పల్లెల పిల్లల్లో సరిగ్గా అక్కడే చెడిందనీ వసుంధర తేల్చింది.

“క్రోమోజోముకు చేతులేమిటండీ?” అని అడిగారు సోమయాజులుగారు.

ఆవిడ కాగితం మీద గీసి చూపించింది. “నడుం దగ్గర నొక్కినట్టుంటుందండీ. పైనున్న చిన్న ముక్క పొట్టి చెయ్యి, కిందున్న పెద్ద ముక్క పొడుగు చెయ్యి.”

“కాళ్ళు లేవన్నమాట. మంచిది, ఎక్కడికీ పోదు” అన్నారాయన.

జబ్బు పసితనంలోనే తెలిస్తే బాగుచేసే ఉపాయం ఉంది. ఆ పదార్థం తీసేసిన ప్రత్యేకమైన పాలపొడి పట్టాలి. అది బజార్లో దొరకదు. ప్రభుత్వమే పైదేశాల నుంచి తెప్పించి, జన్యువు ఫలానా చోట చెడిందని కేంద్రం ధ్రువీకరించిన పిల్లలకు ఊరికే ఇస్తుంది.

అలా ప్రతి సోమవారం డబ్బాల కోసం వచ్చే తల్లుల్లో పైడితల్లి ఒకతె. గజపతినగరం అవతల పల్లె. చంకలో నెలల పిల్ల నూకరత్నం. ఆమె పెద్ద కొడుకు పుట్టినప్పుడు ఈ పరీక్షా లేదు, ఈ పొడీ లేదు. వాడిప్పుడు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. “ఆడి పని ఎలాగూ అయిపోనాది బాబూ, దీన్నైనా దక్కించుకోవాల” అంటుంది వచ్చినప్పుడల్లా. సోమయాజులుగారు ‘ఆఁ, ఆఁ’ అంటూ ముద్ర కొట్టి ఇచ్చేవారు.

అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో రాజధానిలో ఒక ఉత్సాహం పుట్టింది. దాని పేరు ‘స్తబ్ధతా నిర్మూలన ఉద్యమం’. దానికొక ప్రత్యేకాధికారి, కౌండిన్యగారు. ఆయన వీడియోలో కనబడితే రాష్ట్రంలోని ఆఫీసులన్నీ టీవీల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

“కదలని నీరు కుళ్ళును. కదలని ఉద్యోగి అంతకంటె ఎక్కువ కుళ్ళును” అని కౌండిన్యగారు గొంతు సవరించుకున్నారు. “ప్రభుత్వ నిధులతో గుర్తింపబడి, ఒకే స్థానమందు అయిదు సంవత్సరములకు మించి కొనసాగుచున్న ఎవరినైనను, దేనినైనను ఉపేక్షించరాదు. ప్రతి కార్యాలయము సాయంత్రములోగా బదిలీకి కనీసము ఒక పేరు సమర్పించవలెను. పేర్లు లేవని సమాధానమిచ్చిన చోట, ఆ సమాధానమిచ్చిన వాని పేరే స్వీకరించబడును.”

‘దేనినైనను’ అన్నమాట ఎందుకొచ్చిందంటే, కిందటేడు ఒక ఆఫీసువాళ్ళు డ్రైవరును బదిలీ చేసి జీపును ఉంచేసుకున్నారట. కౌండిన్యగారికి అది మనసులో ఉండిపోయింది.

సోమయాజులుగారి గుండెల్లో రాయి పడింది. జాబు రాయాల్సింది ఆయనే మరి. ఎవరి పేరు రాయాలి? యూనియన్ కార్యదర్శి బెవర అప్పలస్వామిని ముట్టుకుంటే ధర్నా. టైపిస్టుకు భర్త ఉద్యోగం ఇదే ఊళ్ళో గనక మినహాయింపు. ల్యాబు కుర్రాడికి నడుం నొప్పి, దానికి డాక్టరు సంతకం. స్టోర్ కీపరు దగ్గర మంత్రిగారి సిఫార్సు లేఖ, లామినేషన్ చేయించి మరీ ఉంది. ఎటు తిప్పి చూసినా ఏ అండా లేని మనిషి ఒక్కడే మిగిలాడు, ఆయనే. ఇన్నేళ్ళూ ఆయన ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చారు. అందుకే ఎవరి సిఫార్సూ సంపాదించుకోలేదు.

తల పట్టుకుని కూర్చుంటే ఎదురుగా గోడ మీద వసుంధర అంటించిన బొమ్మ కనిపించింది. పన్నెండో క్రోమోజోము. పొడుగు చేతి మీద ఎర్ర సిరాతో చుక్క. సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ప్రభుత్వ నిధులతో గుర్తించిందేనా? గుర్తించిందే. ఒకే స్థానంలో అయిదేళ్ళు దాటిందా? నిక్షేపంలా దాటింది. దానికి యూనియన్ లేదు, మొగుడు లేడు, నడుం నొప్పి లేదు, సిఫార్సు చేసే మంత్రి లేడు. అబ్బ! ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

కంప్యూటరులో పేరు కొట్టారు: జన్యువు. ప్రస్తుత స్థానం కొట్టారు. ఎప్పటి నుంచి అన్న గడి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మనిషి పుట్టక ముందు నుంచి అని రాస్తే కంప్యూటరు తిప్పికొట్టింది. స్వాతంత్ర్యానికి ముందు తేదీలేవీ అది ఒప్పుకోదు. సరే పొమ్మని పదిహేను ఆగస్టు పంతొమ్మిది వందల నలభై ఏడు వేసి పంపించి, ఇంటికెళ్ళి హాయిగా కునుకు తీశారు. ఇలాంటి పేరును పైవాళ్ళు చూసి నవ్వుకుని పక్కన పడేస్తారనే ఆయన ధీమా.

పైవాళ్ళు నవ్వలేదు. రాష్ట్రం మొత్తం మీద ఎక్కువకాలం కదలనివారి వరుసలో జన్యువు ప్రథమ స్థానంలో నిలిచింది. మర్నాడు కౌండిన్యగారే ఫోను చేశారు.

“ఎవరా ఘనుడు? స్వాతంత్ర్యము వచ్చిన నాటి నుంచి ఒకే సీటా? ఎంత వెనకేసి ఉండును!”

“అది మనిషి కాదండీ” అన్నారు సోమయాజులుగారు. ఉన్న సంగతి చెప్పారు.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. “మనిషి కాకపోవుట మినహాయింపులలో ఉన్నదా?”

“లేదండీ.”

“అయినచో వర్తించును” అని ఆయన ఫోను పెట్టేశారు.

కౌన్సెలింగుకు రమ్మని కబురొచ్చినప్పుడు వసుంధర కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. అయిదు నిమిషాల పని, వెళ్ళి చెప్పేసి వద్దాం పదండి అని సోమయాజులుగారిని కూడా వెంటబెట్టుకుంది. పేరు పంపిందెవరని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కౌన్సెలింగు ఒక కల్యాణ మండపంలో. ఎవరి పెళ్ళి పందిరో ఇంకా విప్పనే లేదు. ఆ అరటి చెట్ల మధ్య టీచర్లు, నర్సులు, గుమాస్తాలు ఫైళ్ళు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. వధూవరుల కుర్చీల్లో ఒకదాంట్లో కౌండిన్యగారు, రెండోదాంట్లో ఆయన బ్యాగు. మైకులో పిలిచారు. “సీరియల్ ఒకటి. జన్యువు! జన్యువు ఉన్నారా?”

వసుంధర వేదిక ఎక్కింది.

“మీరు అభ్యర్థి తరఫువారా? ఏమి సంబంధము?”

“నేను దాన్ని కనిపెట్టినదాన్ని. సంబంధం అంటారా, అందరికీ ఉంది. మీ ఒంట్లో కూడా ఉందది.”

“వ్యక్తిగత ఆరోపణలు వలదు” అన్నారు కౌండిన్యగారు.

“అయ్యా, అది కదలదండీ. కొన్ని కోట్ల ఏళ్ళుగా అక్కడే ఉంది.”

“మొదట అందరును అటులనే అందురు. లారీ వచ్చి సామాను ఎక్కించిన పిదప వారే కదులుదురు.” ఆయన ఒక పుస్తకం తెరిచారు. “మీ వార్షిక నివేదికలో మీరే వ్రాసినారు. నాలుగవ క్రోమోజోము పొట్టి చేతిలో ఏ పనియు చేయుచున్నట్లు కనబడని భాగములు విస్తారముగా ఉన్నవట. ఇన్ని ఖాళీలు పెట్టుకొని ఇన్నాళ్ళు చెప్పకపోవుట ఎంతటి అపచారము!”

“అవి ఖాళీలు కావండీ బాబూ! వాటి పనేమిటో మనకింకా తెలియదని అర్థం.”

“మా కార్యాలయమున కూడ అట్టివారు అనేకులు కలరు. వారిని ఖాళీ కింద లెక్కవేయము. కాని ఇది వేరు. పోనీ, మరియొక జన్యువుతో పరస్పర బదిలీకి ఇష్టపడునా?”

వసుంధరకు ఒళ్ళు మండింది. “తొమ్మిదో క్రోమోజోముకీ ఇరవైరెండో దానికీ మధ్య అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కోసారి జరుగుతుంది. జరిగితే ఆ మనిషికి రక్తం క్యాన్సరు వస్తుంది. తెలుసా మీకు?”

కౌండిన్యగారి ముఖం వెలిగిపోయింది. పక్కనున్న గుమాస్తా వైపు తిరిగారు. “వ్రాసికొనుము. ఇంతకు పూర్వము జరిగిన దాఖలా కలదు.”

అంతే. అభ్యర్థి స్వయంగా హాజరు కానందున, మిగిలిన ఖాళీని కేటాయించామని మైకులో చదివేశారు. పన్నెండో క్రోమోజోము పొడుగు చేతి నుంచి నాలుగో క్రోమోజోము పొట్టి చేతికి. వెనకనుంచి ఒక టీచరమ్మ, “నాలుగోదా? అదృష్టవంతులు, టౌనులోనే వచ్చింది” అని నిట్టూర్చింది.

వసుంధర అటునుంచటే రాజధానిలో కనిపించిన ప్రతి తలుపూ కొట్టడానికి వెళ్ళింది. ఆవిడ లేనప్పుడు జన్యువును రిలీవు చేసే బాధ్యత సోమయాజులుగారిమీద పడింది. ఆయన చేశారు. మధ్యాహ్నం నుంచి రిలీవైనట్టు రాసి సంతకం పెట్టారు. బదిలీ అయిన ఎవరికైనా శాలువా కప్పకుండా పంపడం యూనియన్‌కు అలవాటు లేదు గనక వీడ్కోలు సభ కూడా పెట్టారు. వసుంధర గదిలోని ప్లాస్టిక్ క్రోమోజోమును కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. పొడుగు చేతి మీదుగా శాలువా జారిపోతుంటే టైపిస్టు పిన్నీసు పెట్టింది.

“ఇన్నేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టినేదు” అని అప్పలస్వామి గొంతు పెద్దది చేశాడు. “పెమోషన్ అడగనేదు. ఎవుల మీదా పితూరీ సెప్పనేదు. ఇలాటోళ్ళు ఇంక పుట్టరండి!” అందరూ చప్పట్లు కొట్టారు. స్టోర్ కీపరు నిజంగానే కళ్ళొత్తుకున్నాడు. సభకు అధ్యక్షత వహించిన సోమయాజులుగారు రెండు మైసూరుపాకులు తిని, మిక్చరు పొట్లం ఇంటికి పట్టుకెళ్ళారు. గండం గడిచిందన్న సంతోషంలో ఆయనకు ఇంకేమీ తోచలేదు.

తోచవలసిన సంగతి సోమవారం పొద్దున్నే వచ్చింది, చంకలో పిల్లతో.

“డబ్బాలు నేవంటన్నాడు బాబూ స్టోరాయన” అంది పైడితల్లి. “ఏటో జన్యువంట, ఎల్లిపోనాదంట. అది ఎల్లిపోతే నా పిల్లకి పాలెందుకు ఇవ్వరు?”

సోమయాజులుగారు స్టోర్ కీపరును పిలిచారు. వాడు లామినేషన్ చేసిన ధైర్యంతో మాట్లాడాడు. జన్యువు పన్నెండో దానిమీద ఉందని ధ్రువీకరిస్తేనే డబ్బా ఇవ్వాలి. పన్నెండో దానిమీద ఇప్పుడా జన్యువు లేదు, రిలీవైంది, సంతకం మీదే. మరెలా ఇస్తాను?

ఆయన రాజధానికి ఫోను చేశారు. కౌండిన్యగారు మహదానందంగా ఉన్నారు. “శుభవార్త! మీ జిల్లాను ఈ జబ్బు లేని జిల్లాగా ప్రకటించుచున్నాము. జన్యువు పాత స్థానమున రిలీవు అయినది. కొత్త స్థానమున ఇంకను చేరలేదు. అనగా ప్రస్తుతము అది ఎచ్చటను లేదు. లేని జన్యువు వలన జబ్బెటుల కలుగును?”

“కానీ పిల్లకు జబ్బుందండీ. నా ఎదురుగానే ఉంది.”

“అయినచో ఆ పిల్ల నిబంధనలకు విరుద్ధముగా జబ్బుపడినది.”

వసుంధర పరుగున తిరిగొచ్చి, నూకరత్నం నెత్తురు మళ్ళీ పరీక్షించి పంపింది. జన్యువు పన్నెండో దానిమీదే ఉంది, చెడిపోయే ఉంది, చూసుకోండి అని. రెండు రోజుల్లో దానికీ సమాధానం వచ్చింది. రిలీవైన తర్వాత కూడా పాత సీటును అంటిపెట్టుకుని ఉండటం తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యమనీ, ఎందుకు చర్య తీసుకోరాదో జన్యువు స్వయంగా సంజాయిషీ ఇవ్వాలనీ. తీసుకునేవాళ్ళు లేనప్పుడు అలాంటి నోటీసును తలుపుకు అంటించడం రివాజు. అప్పలస్వామి దాన్ని తెచ్చి మైక్రోస్కోపుకు అంటించాడు.

వసుంధర ఈసారి నవ్వలేదు, అరవలేదు. “ఇంట్లో ఎంత పొడి ఉందమ్మా?” అని మళ్ళీ వచ్చి కూర్చున్న పైడితల్లిని అడిగింది.

“ఆకరి డబ్బా అడుక్కొచ్చీసినాది. ఇంక రెండు మూడు పూటలు. తరవాత దీనికేటి పొయ్యాల నాను? గేదె పాలు పోస్తే ఇది కూడా ఆడిలాగే అయిపోద్ది కదా!” పైడితల్లి అంతదాకా నిబ్బరంగానే ఉంది. ఆ ‘ఆడిలాగే’ అన్నమాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంకలో పిల్ల మాత్రం సోమయాజులుగారి బట్టతల వైపు చెయ్యి చాచి కిలకిలలాడింది.

ఆ రోజు ఆయన ఇంటికెళ్ళి విస్తరి ముందు కూర్చున్నారే గానీ ముద్ద దిగలేదు. భార్య శారదాంబ గిన్నెలో పాలు తెచ్చి పక్కన పెడితే మొహం తిప్పుకున్నారు. “ఆ గిన్నె అవతల పెట్టవే” అన్నారు. ఏమైందని ఆవిడ నిలదీస్తే ఆయన మొదటినుంచీ చెప్పుకొచ్చారు. కంప్యూటరులో పేరు కొట్టడం, కునుకు తీయడం, మైసూరుపాకు తినడం, అన్నీ.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “మీరు కదలకుండా ఉండటానికి పసిపిల్ల నోటికాడి పాలు తీశారా?” అంది. “ఛీ! ఆ కుర్చీలోనే కూర్చోండి, ఆ కుర్చీకే చెప్పుకోండి.” అని లోపలికి వెళ్ళిపోయింది. సోమయాజులుగారికి ఆ పూట కునుకు పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయారనుకోండి. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి మధ్యాహ్నం మెలకువగా ఉన్నారు.

మర్నాడు పొద్దున ఆయనా వసుంధరా కౌండిన్యగారి ఎదుట నిలబడ్డారు.

“బదిలీ రద్దు చేయండి సార్” అన్నారు సోమయాజులుగారు.

“రద్దు అన్న మాట సంస్కరణలలో లేదు.” కౌండిన్యగారు వేళ్ళు వేళ్ళల్లో జొనిపారు. “ప్రత్యామ్నాయము మాత్రము కలదు. అదే కార్యాలయము నుంచి మరియొకరు స్వచ్ఛందముగా ముందుకు వచ్చినచో, ఆ పేరు తీసివేసి ఈ పేరు పెట్టబడును. కాని ఎవరు వత్తురు?”

సోమయాజులుగారి కళ్ళముందు కిటికీ పక్క కుర్చీ మెదిలింది. కిటికీలోంచి వచ్చే వేపచెట్టు గాలి, ఇంటికి నడిచివెళ్ళే ఆ కాస్త దూరం, వాలుకుర్చీ. ఎక్కడికి తోస్తారో ఏమో, ఏ కొండల్లోకో! అయినా అన్నారు.

“నా పేరు రాయండి. దాని పేరు పంపింది కూడా నేనే.” ఆయన వసుంధర వైపు చూడలేకపోయారు.

“నాకు తెలుసండీ” అంది వసుంధర. “మీ లాగిన్‌తోనే కదా వెళ్ళింది. మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నాను.”

కౌండిన్యగారు అక్కడికక్కడే మీట నొక్కించారు. జన్యువు బదిలీ జాబితా నుంచి తొలగి యథాస్థానానికి చేరుకుంది. జిల్లాకు జబ్బు తిరిగి మంజూరైంది. ఆ సాయంత్రమే వసుంధర పాలపొడి డబ్బాలు జీపులో వేసుకుని పైడితల్లి ఊరికి పోయింది. అడుగంటిన డబ్బాను గోకి కలిపిన పాలు పిల్ల తాగుతుండగానే కొత్త డబ్బా గుమ్మంలోకి వచ్చిందట. ఒక్క పూట కూడా తప్పలేదు.

సోమయాజులుగారి చేతికి ఆయన బదిలీ ఉత్తర్వు మర్నాడు అందింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తీసి తుడిచి మళ్ళీ చదివారు. ‘శ్రీ ద్విభాష్యం సోమయాజులు, సూపరింటెండెంటు, పన్నెండవ క్రోమోజోము పొడుగు చేయి, వారిని ప్రజాప్రయోజనార్థము నాలుగవ క్రోమోజోము పొట్టి చేతికి బదిలీ చేయడమైనది. వెంటనే చేరవలెను. ప్రయాణ భత్యము అనుమతింపబడదు.’ ఆ పేరు తీసి ఈ పేరు పెట్టారు, అంతే. చెప్పింది చెప్పినట్టు చేశారు, తప్పుపట్టడానికేముంది?

ఆయన లబోదిబోమంటూ ఫోను చేశారు. “నాలుగో క్రోమోజోములో నేనెలా చేరతానండీ? వెళ్ళడానికి దారే లేదు!”

“ఏజెన్సీకి వేసినప్పుడును అందరు ఇదే మాట అందురు. చేరనిచో సస్పెన్షను.”

వసుంధర ఫోను లాక్కుంది. “అయ్యా, నాలుగో క్రోమోజోము మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. ఆయన గోళ్ళలో ఉంది, చర్మంలో ఉంది. ఆయన పుట్టినప్పటి నుంచీ దాంతోనే ఉన్నారు. చేరినట్టే రాసుకోండి.”

“కుదరదు” అన్నారు కౌండిన్యగారు. “సొంత మండలమున పోస్టింగు నిషిద్ధము. సొంత ఒంటిలో అసలే కుదరదు. ఇతరుల ఒంటిలో చేరవలెను. ఆ స్థలమువారు చేర్చుకొన్నట్లు సంతకము పెట్టవలెను.”

ఎవరి ఒంట్లో చేరాలి? అప్పలస్వామిని అడిగితే యూనియన్‌లో చర్చించి చెప్తానన్నాడు. శారదాంబను అడిగితే, భార్య ఒంట్లో అయితే సొంతం కిందికే వస్తుందేమో అని ఆవిడే అనుమానపడింది. ఆ సోమవారం డబ్బాలకు వచ్చిన పైడితల్లి, బల్ల మీద తల వాల్చుకున్న ముసలాయన్ను చూసి ఏటయిందని అడిగింది. ఆయన చెప్పారు. ఆమెకు క్రోమోజోముల గొడవ ఎంత అర్థమైందో ఏమో గానీ, మిగతాది బాగానే అర్థమైంది.

“నా పిల్ల కోసం మీ సీటు ఒగ్గీసినారా బాబూ?” అంది. “అయితే దీనికాడే సేరిపోండి. మా రత్నానికి ఉన్నాదా ఆ నాలుగోది?”

“అందరికీ ఉన్నట్టే దానికీ ఉందమ్మా, చక్కగా ఉంది” అంది వసుంధర.

“మరింకేటి! ఎక్కడ ఏలేయాల?”

పైడితల్లి వేలిముద్రతో సూపరింటెండెంటుగారు నూకరత్నం నాలుగవ క్రోమోజోము పొట్టి చేతిలో పూర్వాహ్నం చేరిపోయారు. రాజధాని ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒకటే షరతు పెట్టింది. పని వేళల్లో అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచి పోరాదు. ఎప్పుడైనా తనిఖీకి రావచ్చు.

అప్పటి నుంచి సోమయాజులుగారు రోజూ పొద్దున్నే బస్సెక్కి పైడితల్లి ఇంటికి పోతున్నారు. చాప మీద గోడకు చేరగిలబడి కూర్చుంటారు. ఆయన ఎదురుగా నూకరత్నం, పక్కన వాళ్ళ అన్న. కొన్నాళ్ళు ఆయనకు ఊపిరాడలేదు. కునుకు తీద్దామంటే వీలు కాదు, పిల్ల ముక్కు పట్టుకుని లాగుతుంది. డబ్బా పాలు ఎంత కలపాలో, ఎన్ని నీళ్ళు పొయ్యాలో ఆయనకు వచ్చేసింది. పైడితల్లి కూలికి పోయినప్పుడు ఆయనే కలుపుతారు.

ఒకరోజు మధ్యాహ్నం పైడితల్లి గంజి వారుస్తూ ఉంది. నూకరత్నం చాప మీద బోర్లా పడి, తలెత్తి, ఇటూ అటూ చూసింది. “రత్నం!” అని తల్లి అలవాటుగా పిలిచింది. పిల్ల గిరుక్కున తల తిప్పి, తల్లిని చూసి, నోరంతా తెరిచి నవ్వింది. పైడితల్లి చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ఈ ఈడులో పెద్దాణ్ణి ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పలేదు. “సూసింది బాబూ! పిలిస్తే సూసింది!” అని ఆమె ఏడుస్తూ నవ్వుతూంటే, సోమయాజులుగారు కళ్ళజోడు తీసి ఎంతసేపు తుడుచుకున్నారో!

ఈలోగా పిల్ల ఆగలేదు. మోచేతుల మీద లేచి, మోకాళ్ళు కూడదీసుకుని, పుట్టాక మొదటిసారి పాకడం మొదలుపెట్టింది. చాప దాటింది. గుమ్మం దాకా పోయింది. పొయ్యి దగ్గరనుంచి పైడితల్లి అలాగే చూస్తూ ఉండిపోయింది.

సోమయాజులుగారు పంచె ఎగదోపుకుని, ‘అమ్మా’ అని మూలుగుతూ మోకాళ్ళ మీద వంగి, పిల్ల వెనకాలే పాకసాగారు.

“మీరెక్కడికి బాబూ?” అంది పైడితల్లి కంగారుగా.

“ఏం చెయ్యను తల్లీ, హెడ్‌క్వార్టర్సు కదులుతోంది” అన్నారాయన.